హాట్‌రాడ్‌లో మన వాటా

నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలు తేల్చుకునే హడావిడిలో దక్షిణ తెలంగాణకు రావలసిన మరో వాటా సంగతి ఏ నాయకుడూ ఎత్తలేదు. అది హాట్‌రాడ్. పాత కారునో పికప్‌నో తీసుకొని, అక్కరలేని రేకంతా విప్పి పారేసి, టాప్ కోసి కిందికి దించి, బాడీని నేలకు ఆనీ ఆనకుండా కూర్చోబెట్టి, ఇంజన్‌కు ఒంట్లో లేని బలం ఎక్కించి, పక్కల మీద మంటల బొమ్మలు వేయించి తిప్పుకునే బండికి అమెరికాలో ఆ పేరు. ఈ విద్య కాలిఫోర్నియాలో పుట్టిందని అందరూ ఒప్పుకుంటారు. నేనూ ఒప్పుకుంటాను. పుట్టడానికి కావలసిన సరంజామా అంతా నల్లగొండలో, పాలమూరులో పడి ఉండగా అది అంత దూరం వెళ్లి ఎందుకు పుట్టిందన్నదే నా అభ్యంతరం.

ఎండిన చెరువునే తీసుకోండి. 1930ల్లో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లకు మడ్‌గార్డులు విప్పేసి, మ్యురాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సుల్లో పందేలు వేసుకునేవారు. నేల గట్టిది, చదునైనది, కనుచూపు మేర అడ్డం లేదు. ఎవడి బండి ఎంత వేగంగా పోయిందో గడియారం పట్టి చెప్పడానికి 1937లో ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. యుద్ధం అయ్యాక, 1949లో, యూటా రాష్ట్రంలోని బోనవిల్ ఉప్పు మైదానం దాకా వెళ్లారు. ఇది విన్న పాలమూరు మనిషికి కడుపు మండదా? ఎండిన చెరువుల్లో మనకు సాటి ఎవరు? అంత గొప్ప ట్రాకులు చేతిలో ఉంచుకొని మనం వాటిలో గొర్రెలు మేపాం, క్రికెట్ ఆడాం, అదను చూసి హద్దురాళ్లు పాతి రెండు వందల గజాల ప్లాట్లు అమ్ముకున్నాం. ఆ బోనవిల్ మైదానమే షాద్‌నగర్ పక్కన ఉండి ఉంటే ఈపాటికి తూర్పు ముఖం బిట్లన్నీ అయిపోయేవి. మిగిలిన కొద్దిపాటి అవకాశాన్ని 2015లో మిషన్ కాకతీయ దెబ్బతీసింది. పూడిక తీశారు, కట్టలు బాగు చేశారు, నీళ్లు నిలిచాయి. రైతులు సంతోషించారు. పందెపు దారి మునిగిపోయిందని గోడు వెళ్లబోసుకోవడానికి మాత్రం ఒక్క అఖిలపక్షమూ కూర్చోలేదు.

ఇంజన్ మాటకొస్తే మనం అసలు వెనుకబడి లేము. 1932లో హెన్రీ ఫోర్డ్ మామూలు మనిషి కొనగలిగే ధరలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ పెట్టిన కారు తెచ్చాడు. హాట్‌రాడ్ లోకానికి అది మూలవిరాట్టు. దాని బలం ఎంతనుకున్నారు? 65 అశ్వశక్తి. మన ఊళ్లలో బత్తాయిలు మోసే పాత డీజిల్ పికప్ బలమూ ఇంచుమించు అంతే. అంటే ఒక తరం అమెరికా కుర్రాళ్లకు పిచ్చెక్కించిన గుర్రాలే ఇవాళ నార్కట్‌పల్లి ఎత్తు మీద మూడో గేరులో దగ్గుతున్నాయి. వాళ్లు బండి మీద బరువు తగ్గించి వేగం సంపాదించారు. మనం వేగం మీద ఆశ వదులుకొని బరువు పెంచుకున్నాం. సిద్ధాంత భేదమే తప్ప సామర్థ్య భేదం కాదు.

ఇక రేకు విప్పడం. అక్కడివాళ్లు స్పానర్లు పట్టుకొని రాత్రంతా చెమటోడ్చి చేసిన పనిని మన బండ్లకు తుప్పు, కల్లం, ఎదురుగా లైట్లు లేకుండా వచ్చిన ఇసుక ట్రాక్టరు ఉచితంగా చేసి పెడతాయి. దేవరకొండ దారిలో ముందు బంపర్ తిన్నగా ఉన్న పికప్ కనిపిస్తే, అది షోరూం నుంచి ఇంకా ఇంటికి చేరలేదని అర్థం.

ఇన్ని అనుకూలతలుండీ నిద్రపోతున్న ప్రాంతాన్ని మేలుకొలపడానికి నకిరేకల్ వైపు ఒక ఊళ్లో బీటెక్ పూర్తి చేసిన యువకుడు నడుం కట్టాడు. మిగతా బీటెక్‌ల మాదిరి పోటీ పరీక్షల నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా, వాళ్ల నాయన బత్తాయి పికప్ మీద కన్నేశాడు. బండి నంబరు ఏపీ 24తో మొదలవుతుంది. ఆ నంబరు పడ్డాక రాష్ట్రం రెండైంది, కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. 2016లో జిల్లాను కూడా మూడు ముక్కలు చేశారు. చుట్టూ ఇన్ని కోతలు జరుగుతున్నా చెక్కు చెదరకుండా ఒకే ఆకారంలో నిలబడినది ఆ పికప్ ఒక్కటే. దాన్ని కూడా కోయాలని మనవాడికి తోచింది.

నల్లగొండ శివారులో ఒక షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడి ఉస్తాద్ ముప్ఫై ఏళ్లుగా ఈ ప్రాంతపు బండ్లకు ఆయుష్షు పోస్తున్న మనిషి. ఏ బండి వచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే.

“లోడు ఎంత వేస్తారు బేటా?”

“లోడు వేయం ఉస్తాద్.”

ఉస్తాద్ చేతిలోని పానాను కింద పెట్టాడు. వృత్తిలోకి వచ్చినప్పటి నుంచి ఆయన చేసిన మార్పులన్నీ ఇంకొంచెం లోడు పట్టడానికే. కమాను కట్టకు రెండు పట్టీలు అదనంగా వేయడం, డబ్బా పలకలు పెంచడం, చాసిస్‌కు పట్టా వేసి వెల్డింగ్ కొట్టడం. ఈ పికప్‌కు కూడా పట్టీలు వేసింది ఆయనే. ఇప్పుడు అవే పట్టీలు ఊడదీసి, ఇంకా రెండు తీసి, బండిని నేలకు దించమంటున్నాడు. గుడి కట్టించినవాడి చేతికే గునపం ఇచ్చినట్టుంది.

యువకుడు ఫోనులో బొమ్మలు చూపించాడు. ఉస్తాద్ కళ్లద్దాలు సర్దుకొని చూశాడు.

“ఇది యాక్సిడెంట్ అయ్యాక తీసిన ఫొటోనా?”

“కాదు ఉస్తాద్, ఇదే పూర్తయిన బండి.”

టాప్ దించడం మీద మాత్రం ఆయనకు ఆసక్తి పుట్టింది. పనిమంతుడు కదా. నాలుగు అంగుళాలు కోయడం ఏముంది, కట్టర్ పెడితే గంట పని అని తెలియనివాళ్లు అనుకుంటారు. టాప్‌ను మోసే ముందు పిల్లర్లు వెనక్కి వాలి ఉంటాయి. వాటిలో నాలుగు అంగుళాల ముక్క తీసి టాప్‌ను దించితే పై కొస కింది కొస మీద కూర్చోదు. టాప్‌ను అడ్డంగా కోసి, మధ్యలో పట్టీ అతికి సాగదీయాలి, లేదా పిల్లర్ల వాలు మార్చాలి. ఆ తరువాత తలుపు ఫ్రేములు, వాటి అద్దాలు, రబ్బర్లు, వెనుక కిటికీ, అన్నీ ఒక్కొక్కటే వచ్చి మా సంగతేమిటని అడుగుతాయి. అన్నిటికంటే మొండిది ముందు అద్దం. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ముక్కలై మీద పడకూడదని దాన్ని అలా చేశారు. కోయబోతే అదే లక్షణం పగ పడుతుంది, కొస నుంచి కొసకు చీలిక పాకుతుంది. ఇదంతా ఉస్తాద్ ఎక్కడా చదవలేదు. పిల్లర్‌ను వేళ్లతో తట్టి చూసి చెప్పాడు. ఇంజనీరింగ్ కళాశాలలు ఇన్ని తెరిచినవాళ్లు ఆ షెడ్డు ముందు ఒకసారి నిలబడి వెళ్తే బాగుండేదని నా వ్యక్తిగత అభిప్రాయం.

ఈలోగా కబురు తెలిసి నాయన వచ్చాడు.

“డబ్బా సగం కోసేస్తే బత్తాయి ఎక్కడ పోయాలిరా?”

“ఇందులో పోయకూడదు నాయనా.”

“మరి దేనికి తిప్పుతారు?”

“తిప్పడానికే తిప్పుతారు.”

కొడుకు నిజంగానే పెద్ద చదువు చదివాడని ఆయనకు ఆ క్షణంలో నమ్మకం కుదిరింది.

ఇక్కడ చట్టం ప్రవేశిస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో శిక్ష కూడా రాశారు: ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ “ఒక్కో మార్పుకు” అన్న మాటలోనే హాట్‌రాడ్ ప్రాణం తీసే విషం ఉంది. టాప్ ఒకటి, డబ్బా ఒకటి, చక్రాలు ఒకటి, సైలెన్సర్ ఒకటి, ఇంజన్ ఒకటి అని వేలు మడుచుకుంటూ పోతే బండి ఖరీదు కన్నా జరిమానా ముందు పూర్తవుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు 1948 నాటి, అంతకు ముందటి బండ్లకు మార్పులు చేసుకుంటే స్ట్రీట్‌రాడ్ అని వేరే తరగతి కింద నమోదు చేస్తాయి. మనకు ఆ తరగతి లేదు. రాష్ట్రాన్ని రెండుగా కోయడానికి పార్లమెంటు ఒక చట్టం చేసి పెట్టింది కానీ, టాప్‌ను నాలుగు అంగుళాలు కోయడానికి ఒక దరఖాస్తు ఫారం కూడా అచ్చు వేయలేదు.

చట్టం కఠినంగా ఉందని నేను అనడం లేదు. భద్రత ముఖ్యం. అందుకే ఆ చట్టాన్ని ఇంకొన్ని పేజీలు ముందుకు తిప్పి చదివాను. సెక్షన్ 194ఏ కనిపించింది. రవాణా వాహనంలో అనుమతించిన దాని కంటే ఎక్కువ మందిని ఎక్కించుకుంటే, అదనంగా ఉన్న ఒక్కొక్క మనిషికి 200 రూపాయలు జరిమానా. పర్మిట్ ఉల్లంఘన సెక్షన్లు వేరే ఉన్నాయి, వాటి జోలికి పోవడం లేదు. ఈ ఒక్క లెక్కే చాలా హాయిగా ఉంది. ఒక మార్పు 5,000. ఒక మనిషి 200. అంటే ఇరవై అయిదుగురు మనుషులు కలిస్తే ఒక కోసిన పిల్లర్ అవుతారు.

పత్తి ఏరే కాలంలో తెల్లవారక ముందే మన రోడ్ల మీదికి రండి. పికప్ డబ్బాలో సద్ది గిన్నెలు ఒళ్లో పెట్టుకొని, కొంగులు తలకు చుట్టుకొని, పలక పట్టుకొని నిలబడిన ఆడవాళ్లు కనిపిస్తారు. కూర్చోవడానికి చోటు ఉండదు కనుక సీటు బెల్టు ప్రసక్తి రాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీలు మట్టి మోశారని వేదికల మీద గర్వంగా చెప్పుకుంటాం. వాళ్లను మోసినదేమిటో చెప్పుకోం. ఆ బండి ముందు నుంచి చూస్తే ఎంతో పద్ధతిగా ఉంటుంది. టాప్ కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే ఉంటుంది, పిల్లర్లు చెక్కు చెదరకుండా ఉంటాయి, ఆర్సీలో రాసిన రంగే ఉంటుంది. అందులో మార్చినది ఏదీ లేదు. సరుకు ఒక్కటే మారింది.

194ఏలో ఇంకో దయగల నిబంధన ఉంది. అదనంగా ఉన్నవాళ్లను దింపి, వాళ్లకు ప్రత్యామ్నాయ రవాణా ఏర్పాటు చేసేదాకా బండిని కదలనివ్వకూడదు. అయిదున్నరకు, పొలాల మధ్య, బస్సు రాని మలుపులో దొరికే ప్రత్యామ్నాయ రవాణా ఏమిటో రాసినవాళ్లు వివరించలేదు. వెనుకే ఇంకో పికప్ వస్తూ ఉంటుంది కనుక వివరించనక్కరలేదని అనుకొని ఉంటారు.

కాబట్టి మన యువకుడికి నేను ఇచ్చిన సలహా ఇది. పిల్లర్ కోసుకుని చట్టం కళ్లలో పడవద్దు. దాని బదులు ఇరవై అయిదుగురిని ఎక్కించుకో. ప్రభుత్వానికి కట్టేది అంతే, పైగా మనిషికింత అని కిరాయి నీకే వస్తుంది. దీనికి ఎదురు చెప్పగల ఆర్థికవేత్త ఉంటే చర్చకు సిద్ధం. యువకుడు వినలేదు. కళాకారులు లెక్కల్లో ఎప్పుడూ బలహీనులే.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. హాట్‌రాడ్ అందమంతా నేలకు ఎంత దగ్గరగా ఉందన్నదానిలో ఉంటుంది. మనవాడు నాలుగు అంగుళాల ఎడం చాలన్నాడు. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంటే శాస్త్రం ప్రకారమే బండి కడుపు బ్రేకర్‌కు రాసుకుంటుంది. ఊరి కుర్రాళ్లు మిగిలిన సిమెంటుతో రాత్రికి రాత్రి పోసిన బ్రేకర్లకు ఏ శాస్త్రమూ వర్తించదు. వాటి మీద ఈ బండి త్రాసులా అటూ ఇటూ ఊగుతుంది తప్ప దాటదు. ఒక్క మేలు మాత్రం కనిపెట్టాం. యాసంగి కోతలయ్యాక మిర్యాలగూడ వైపు సగం రోడ్డు మీద వడ్లు ఎండబోస్తారు కదా, ఈ బండి ముందు పలక ఆ వడ్లను కూలి అడగకుండా చదును చేస్తుంది. వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద రాయితీకి అర్హత ఉందేమో అధికారులు పరిశీలించాలి.

బండి చివరికి తయారైంది. ముందు అద్దం మూడుసార్లు పగిలాక అద్దమే వద్దనుకున్నారు. బానెట్ తీసేశారు కనుక మే నెలలో ఇంజన్ వేడి, నల్లగొండ ఎండ రెండూ ఎవరి వాటా వాళ్లు డ్రైవర్ ముఖానికి చెల్లించేవి. మంటల బొమ్మలు వేయడానికి లారీల వెనుక నెమళ్లు గీసే పెయింటర్ వచ్చాడు. మంటలు అద్భుతంగా వేశాడు. అలవాటు కొద్దీ వాటి మధ్యలో రెండు తామరపూలు కూడా వేశాడు. నాయన ఒక దిష్టి బొమ్మ, పాత చెప్పు కట్టించాడు. హైవే మీదికి తీసుకెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

అప్పుడు ఎదురింటివాళ్ల అబ్బాయి పెళ్లి కుదిరింది. బరాత్‌కు గుర్రం అనుకున్నారు, కిరాయి కుదరలేదు. పైన కప్పు ఉందో లేదో తెలియనంత పొట్టిగా, ఒళ్లంతా మంటలతో, రోడ్డుకు అడ్డం పడినా అందరికీ కనిపించే బండి ఎదురింట్లోనే ఉంది. మూడు చేంతాళ్ల బంతిపూలు చుట్టారు. ముందు డీజే బండి, దాని ముందు ఆడుతున్న చుట్టాలు, వెనుక ఇది. వేగం కోసం పుట్టిన యంత్రం ఊరి గుడి నుంచి ఫంక్షన్ హాలు దాకా కిలోమీటరు దూరం వెళ్లడానికి మూడు గంటలు తీసుకుంది. దారిలో పోలీసులు ఆపారు. సెల్ఫీ తీసుకొని, ఎదురుగా వచ్చే బస్సులను పక్కకు పెట్టించి, దారి ఇచ్చి పంపారు. ఎన్ని మార్పులు చేశారని ఎవరూ లెక్కపెట్టలేదు.

మాఘంలో ముహూర్తాలన్నిటికీ ఇప్పుడు బండి బుక్ అయిపోయింది. తండ్రి పుస్తకంలో పేర్లు రాసుకుంటున్నాడు, ఉస్తాద్‌కు ఇంకో రెండు ఆర్డర్లు వచ్చాయి. ఒక్క చిక్కు మిగిలింది. డ్రైవర్ పక్కన ఒక్క సీటే ఉంది. పెళ్లికొడుకు కూర్చుంటే పెళ్లికూతురు ఎక్కడ కూర్చోవాలని ఆడపిల్లవాళ్లు అడుగుతున్నారు. కోసిన డబ్బాను మళ్లీ అతకడానికి ఎంత అవుతుందో ఉస్తాద్ టేపు పెట్టి కొలుస్తున్నాడు.