పొట్ట నొక్కితే తగ్గే ఆయాసం కాదది

కార్తీక మాసం పిక్నిక్‌ల రోజులు వస్తే చాలు, మన కళింగపట్నం, బారువ, చింతపల్లి తీరాలకు వెళ్లేవాళ్ల ఫోన్లలో ఓ వాట్సాప్ సందేశం తిరుగుతుంది. సముద్రంలో ఈదేవాడికి ఆయాసం వచ్చిందంటే ఉప్పునీళ్లు మింగినట్టేనట. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నొక్కితే కక్కేసి తేరుకుంటాడట. నిజంగా ప్రమాదమైతే కేకలేస్తాడట. గజ ఈతగాళ్లకు ఈ బాధే ఉండదట. నాలుగూ తప్పే. నమ్మితే ప్రాణాలు పోతాయి.

ముందు కేకల సంగతి. అరవాలంటే ఊపిరి మిగలాలి. మునిగిపోతున్నవాడి నోరు నీటి మట్టం దగ్గరే పైకీ కిందికీ ఆడుతుంటుంది. పైకి తేలిన ఆ క్షణం గాలి పీల్చుకోడానికే చాలదు. చేతులెత్తి ఊపలేడు, వాటిని పక్కలకు చాచి నీటిని కిందికి అదుముతుంటాడు. మనిషి నిటారుగా ఉంటాడు, ముందుకు కదలడు. గట్టు మీదివాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఆ స్థితిలో ఒక నిమిషం నిలవడమే గొప్ప.

ఇక ఆయాసమంతా మింగిన నీళ్ల వల్లే అనడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఒక్క గుక్క కూడా మింగకుండానే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఒళ్లు నీళ్లలో ఉన్నప్పుడు కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు మళ్లుతుంది. దానికి తోడు గట్టిగా ఈదితే ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, ద్రవం గాలి గదుల్లోకి ఊరుతుంది. వైద్యులు దీన్ని స్విమ్మింగ్ ఇండ్యూస్డ్ పల్మనరీ ఎడీమా అంటారు. చన్నీళ్లు, అధిక రక్తపోటు, ఈతకు ముందు అతిగా నీళ్లు తాగడం దీన్ని పెంచుతాయి.

గజ ఈతగాళ్లకు రాదన్న మాటకు జవాబు 1995లోనే వచ్చింది. ఇజ్రాయెల్‌లో కఠిన శిక్షణలో ఉన్న యువకులు 23 డిగ్రీల సముద్రంలో ఈదితే 30 మందిలో 8 మందికి ఇదే జరిగింది. వాళ్లు ఈతకు ముందు దాదాపు 5 లీటర్ల నీళ్లు తాగారు.

ఎలా గుర్తుపట్టాలి? పడిన శ్రమకు మించిన రొప్పు, ఆగని దగ్గు, ఛాతీలో గురగుర, నురగతోనో రక్తపు చారతోనో కళ్లె. తెప్ప మీద పక్కనే వెళ్లేవాళ్లకు ఇంకా తేలికైన దారి ఉంది. "ఏటైంది బావా, ఇంకా ఎంత దూరం ఈదుతావు?" అని అడగండి. ఒక్క వాక్యం పూర్తిగా చెప్పలేకపోతే ఇక ఈదనివ్వకండి, వెంటనే పైకి లాగండి.

ఒడ్డుకు తెచ్చాక స్పృహలో ఉన్నవాణ్ని పడుకోబెట్టవద్దు, పడుకుంటే ఊపిరి ఇంకా అందదు. వీపుకు ఆనుడు పెట్టి కూర్చోబెట్టండి, తడి బట్టలు తీసి దుప్పటి కప్పండి, 108కి ఫోన్ చేయండి. పొట్ట జోలికి పోవద్దు. నొక్కితే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్పృహ లేక శ్వాస కూడా ఆగితే మాత్రం వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో ఊపిరి ఊది, ఆపై ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి.

కాసేపు కూర్చున్నాక తేలికైందని ఆ రోజు మళ్లీ నీళ్లలోకి దిగనివ్వకండి. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది గానీ, ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావచ్చు. బీపీ, గుండె పరీక్షలు చేయించుకుని డాక్టరు సరేనన్నాకే మళ్లీ సముద్రం.