ఎలుకకు బాధ్యత లేదా?

పిల్ల ఊరికే ఉలిక్కిపడినా, రాత్రంతా ఏడ్చినా, బడిలో ఎక్కాలు రాకపోయినా మా వరంగల్‌లో కారణం అర నిమిషంలో తేలిపోతుంది: తల్లి పెంపకం. అది కాకపోతే ఆమె తల్లిగారింటి బుద్ధులు. ఇంత తేలికైన విషయానికి కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మైకేల్ మీనీ బృందం ఏళ్ల తరబడి కష్టపడింది. తల్లి ఎలుక పిల్లల్ని ఎంతసేపు నాకుతుందో లెక్కపెడుతూ కూర్చున్నారు పాపం. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక టెన్షన్‌ను తట్టుకున్నాయి. అంతగా నాకని తల్లికి పుట్టిన పిల్లల్ని బాగా నాకే తల్లి దగ్గర పెంచితే అవీ నిబ్బరంగా పెరిగాయి, రేపు తమ పిల్లల్నీ అలాగే నాకాయి. ఈ సంగతి మా ఆడిబిడ్డలకు తెలియనివ్వకండి. సంబంధం మాట్లాడేటప్పుడు వంశం గురించి అడగడానికి ఏమీ మిగలదు.

కాలిఫోర్నియాలో టాలీ బరామ్ బృందం చేసిన ప్రయోగం ఇంకా ఘోరం. పిల్లలు పుట్టిన రెండో రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా, గూడు కట్టుకునే సామాను బాగా తగ్గించారు. తిండి, నీళ్లు మామూలే. తల్లి పిల్లల్ని వదిలేయలేదు. కానీ మాటిమాటికీ గూట్లోంచి బయటికి పోయేది, నాకుతూ నాకుతూ మధ్యలోనే ఆపేసేది. ఆ పిల్లల్లో ఒత్తిడి హార్మోన్ పెరిగింది, నడివయసుకు జ్ఞాపకశక్తి దెబ్బతింది. ఇంత జరిగినా "ఈ ఎలుకకు బాధ్యత లేదు" అని ఒక్కరూ రాయలేదు. గూడు సరిగా లేకపోవడమే కారణమట!

మనం అంత మెతక మనుషులం కాదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే తల్లి ఒడిలో చాట, పక్కన చంటిపిల్ల. కూలి వెయ్యి బీడీల లెక్కన. పిల్ల ఏడ్చినప్పుడల్లా లేస్తే లెక్క తగ్గుతుంది, లేవకపోతే మన నోటికి పని దొరుకుతుంది. ఇటు మా వైపు పత్తి ఏరే రోజుల్లో పచ్చి బాలింతకు కూడా చేను తప్పదు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు, సంతోషం. ఆ సెలవు చేనుగట్టు దాకా నడవలేకపోయింది. ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఎలుకకు కూడా తిండి తగ్గించలేదని పైన చెప్పాను.

కాబట్టి అధికారులకు నా సలహా: పిల్లల్ని మధ్యలో దించకుండా ఎత్తుకోవడంపై తల్లులకు అవగాహన సదస్సు పెట్టండి. పత్తి ఏరుడు జోరుగా ఉన్న రోజు చూసి తేదీ వేస్తే భోజనాల ఖర్చూ మిగులుతుంది, రానివాళ్లకు శ్రద్ధ లేదని నివేదికలో రాసుకోవచ్చు కూడా.