జ్వాలాపురంలో అగ్నిపర్వతం పేలిందంట!

మా కర్నూలు వైపు ఒక యూనివర్సిటీలో (పేరెందుకులే, నాకింకా సర్టిఫికెట్ రావాల) సైన్స్ రైటింగ్ డిప్లొమా ఉంది. దాన్ని ఇన్నేళ్లు నడిపిన పెద్ద సార్ మొన్న ఎండాకాలంలో రిటైరయినాడు, ఆయన జాగాలో కొత్త కోఆర్డినేటర్‌గా ఒక మేడం వచ్చింది. సార్ మంచోడే, ఫీజు కట్టలేని పిల్లలకి సొంత జేబులోంచి కట్టినాడు, కానీ ఆయన ఒక వాక్యం మొదలుపెట్టినాడంటే అది ముగిసేలోపు మనం క్యాంటీన్‌కి పోయి ఉగ్గాని బజ్జి తిని చేయి కడుక్కొని రావచ్చు.

మేడం వచ్చీ రాగానే మొదటి లెక్చర్ జ్వాలాపురం మీద పెట్టుకుంది. బనగానపల్లె దగ్గర ఊరు అది. 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు గాల్లో వచ్చి మన జుర్రేరు లోయలో పడింది. ఆ పొర కింద రాతి పనిముట్లు దొరికినాయి, పైన కూడా దాదాపు అట్లాంటివే దొరికినాయి, అంటే అంత పేలినా ఇక్కడి మనుషులు తట్టుకొని బతికినారేమో అని 2007లో సైన్స్ పత్రికలో పేపర్ కూడా వచ్చింది. మనోళ్లు మాత్రం ఆ బూడిదని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నారు, అది వేరే సంగతి.

ఈ లెక్చర్‌కి ప్రెస్ నోట్ "పోయేముందు ఇదొక్కటి నేనే రాస్తా" అని సార్ పట్టుబట్టినాడు. రెండు పేజీలు, ఒకటే వాక్యం. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ, శాస్త్రీయ దృక్పథం పౌరుల బాధ్యత అనేకాడ మొదలుపెట్టి మేడం డిగ్రీలు, సుమత్రా, 74 వేల ఏళ్లు, అన్నీ మొదటి పేజీలోనే కుక్కినాడు. అటెండర్ రెండు పేజీలూ ఫోటో తీసి విలేకర్ల గ్రూపులో పెడితే సిగ్నల్ ఏమైందో ఏమో మొదటిది గిర్రున తిరుగుతా నిలిచిపోయింది, రెండోది మాత్రం పోయింది. రెండో పేజీ ఇట్లా మొదలయితాది: "అగ్నిపర్వతము బ్రద్దలైనందున వెలువడిన బూడిద బనగానపల్లె సమీపమున గల జ్వాలాపురము నందు పడియున్నదని, ఇందుపై నూతన కోఆర్డినేటర్ గారు రేపు ఉదయం 10 గంటలకు సెమినార్ హాలు నందు వివరణ ఇచ్చెదరని తెలియజేయడమైనది."

ఊరి పేరే జ్వాలాపురమాయె, ఇంక అనుమానం యాడిది? రాత్రికి రాత్రి ఫార్వర్డులు మొదలైనాయి. ఎవరో ఇటుకల బట్టీ పొగ ఫోటో కూడా జత చేసినారు.

పొద్దున చూస్తే హాలు కిటకిట. మామూలుగా ఆ హాల్లో జనం కూర్చోవాలంటే అటెండెన్స్ కట్ చేస్తామని బెదిరించాల. మేడం మొహం వెలిగిపోయింది పాపం, కర్నూలులో సైన్స్‌కి ఇంత క్రేజ్ ఉందా అనుకుందేమో, "కాలిఫోర్నియాలో శాంటాక్రూజ్ యూనివర్సిటీ ఇట్లాంటి కోర్సు 1981లోనే పెట్టింది" అని ఉత్సాహంగా ఎత్తుకుంది. వెనకనుంచి మామిడితోటాయన లేచినాడు.

"అది తర్వాత చెబ్దువులే మ్మా. బూడిద పడితే కాయలకి మచ్చలొస్తాయంట, ఈరోజే కోసేయమంటావా?"

మేడం రెండు నిమిషాలు బిక్కమొహం వేసింది. మా క్లాసోడు పరిగెత్తిపోయి ఫోన్ చూపిస్తే అప్పుడు అర్థమైంది.

"పెద్దాయనా, అది పేలింది 74 వేల ఏళ్ల కింద. సముద్రం అవతల. మీ కాయలకేం కాదు."

అంతే. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, ఒక స్కూలు టీచర్ తప్ప. ఆయన "అయితే సెలవు లేనట్టేనా" అని గొణుక్కుంటా పోయినాడు. పొడి వ్యాపారం ఆయనొకడు "కొత్త బూడిదొచ్చి రేటు పడిపోతాదని రాత్రంతా నిద్రల్యా మేడం" అని దండం పెట్టినాడు. ముందు వరసలో మా సార్ మాత్రం "నేను వివరంగానే రాసినానే" అని పక్కాయనకి ఇంకా వివరిస్తానే ఉన్నాడు.

మధ్యాహ్నం రెవెన్యూ వాళ్ల తరఫున ఒక క్లర్కు వచ్చినాడు, పైనుంచి ఫోన్లు వస్తాండాయి, అగ్నిపర్వతం లేదని రాతమూలకంగా కావాలంట. మేడం అక్కడికక్కడే లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టిచ్చింది: "జ్వాలాపురంలో అగ్నిపర్వతం లేదు. అక్కడున్నది పాత బూడిద."

క్లర్కు కాగితం అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు, వెనక ఏమన్నా ఉందేమో చూసినాడు.

"ఇంత చిన్నగా ఉంటే మా ఆఫీసులో నమ్మరు మేడం. పెద్ద సార్‌తో రాయించి ఇయ్యండి."