మూడు చక్రాల సైకిలుకి పిల్లలే అడ్డు

అటక మీద పాత ఇనుప మూడు చక్రాల సైకిలు పెట్టుకుని కూడా దాన్ని దించి బాగుచేయని గృహస్థు రేపు సమాజానికి ఏం సంజాయిషీ చెప్పుకుంటాడో తెలియదు. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఎల్లుండికల్లా ప్లాస్టిక్ బండి గుమ్మంలోకి వస్తుంది, నిజమే. నాలుగు బోల్టులు బిగిస్తే పిల్లవాడు ఎక్కి తొక్కేస్తాడు. ఇందులో తండ్రి చేసిన ఘనకార్యం ఏమిటి? డెలివరీ అబ్బాయికి ఓటీపీ చెప్పడం. ఇంటి యజమాని హోదా ఆరంకెల దగ్గరికి దిగజారుతుంటే చూస్తూ కూర్చోవడం ఆత్మగౌరవం ఉన్నవాళ్లు చేసే పని కాదు.

అటక మీద లేదంటారా, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉండనే ఉంది. అక్కడ బండిని ఎంచేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు, తుప్పు చూసి జడుసుకోవద్దు. సీటు కింది గొట్టం వెనక ఇరుసుని కలిసేచోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మొన లోపలికి దిగితే ఆ గొట్టం అయిపోయినట్టే, దండం పెట్టి వచ్చేయండి. వెనక చక్రాలు ఊగుతుంటే ఫరవాలేదు, దానికి మందుంది. ముందు చక్రం ఇరుసు, పెడల్ కడ్డీలు ఒకే ఇనుప కమ్మీని వంచి చేస్తారు. అది వంగితే మాత్రం చల్లగా ఉండగా కొట్టినా, కాల్చి కొట్టినా మళ్లీ పాత దారికి రాదు. వచ్చినట్టు కనిపించి, తొక్కినప్పుడల్లా ఒక పెడల్ బయటికి, ఒకటి లోపలికి నడుస్తుంది.

ఇక పని మొదలెట్టేముందు ఒక చేదు నిజం మింగాలి. తుప్పుకి మందుంది, విరిగిన చోటికి వెల్డింగుంది, పిల్లవాడి ఎదుగుదలకి మాత్రం ఏ హార్డ్‌వేర్ షాపులోనూ విరుగుడు దొరకదు. రెండున్నర, మూడేళ్లకి కాళ్లు పెడల్‌కి అందుతాయి. అయిదు దాటేసరికి మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకుంటాయి. ఈ నడిమి కాలంలోని ఆదివారాల్లోంచి పెళ్లిళ్లు, తద్దినాలు, ఐపీఎల్ మ్యాచ్‌లు, సరిగ్గా రంగు వేసే పూటే వచ్చే వాన తీసేయండి. మిగిలే నికర పని దినాలు ఎన్నో ఎవరికి వాళ్లు లెక్కేసుకోవచ్చు. ఈ పథకంలో లబ్ధిదారుడే ప్రధాన అడ్డంకి. వాడు పెరగకుండా ఉండి ఉంటే ఎన్ని బండ్లు ఎంత అద్భుతంగా తయారయ్యేవో!

విప్పడం వెనక చక్రాల దగ్గర మొదలవుతుంది. ఇరుసు చివర గుండ్రటి రేకు టోపీ కనిపిస్తుంది. దానికి మర ఉండదు. లోపల పళ్లున్న రేకుని సుత్తితో కొట్టి ఎక్కించారు, లోపలికి వెళ్లడమే తప్ప బయటికి రావడం దాని స్వభావంలో లేదు. దీన్ని పానాతో తిప్పుతూ పూటంతా గడిపే పట్టుదల గలవాళ్లు మనలో ఉన్నారు. రెండు స్క్రూడ్రైవర్లు ఎదురెదురుగా దూర్చి ఎగదన్నితే వస్తుంది, రాకపోతే హాక్సా బ్లేడుతో కోసేయడమే. కొత్త టోపీ కొనేముందు ఇరుసు మందాన్ని వెర్నియర్‌తో, అంటే మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలపరికరంతో, కొలవాలి. స్కేలు పెట్టి ‘10 మిల్లీమీటర్లు’ అని తీర్పు చెప్పేస్తే, అది 3/8 అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు అయి ఉంటుంది. 10 మిల్లీమీటర్ల టోపీ దానిమీద ఒక్క రోజు కూడా నిలవదు, చక్రం వీధిలో విడిగా వెళ్లిపోతుంది. తెలివైనవాళ్లు టోపీ జోలికే పోకుండా ఇరుసు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించి, వాషర్ పెట్టి, రెండు కాళ్లుండే స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని కాళ్లని ఇరుసు చుట్టూ పూర్తిగా మడుస్తారు. మడవకుండా వదిలేసిన పిన్ను పిల్లల పిక్కల్ని గీరుతుంది.

హ్యాండిల్ బోల్టు బిగుసుకుపోతే కొబ్బరినూనె పోసే ఆచారం మన ఇళ్లలో ఇంకా సజీవంగా ఉంది. చలికాలం తెల్లవారుజామున సీసాలోనే గడ్డకట్టే నూనె మర సందుల్లోకి ఎంత దూరం వెళుతుందని అడిగితే ‘మా తాతగారు పోసేవారు’ అంటారు. డీజిల్ గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే నట్టు నెత్తిన సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేసి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పండి. పాత బండ్లలో చాలా వాటికి అంగుళాల మర ఉంటుంది. ఇప్పుడు షాపులో అడగ్గానే చేతిలో పెట్టే 8 మిల్లీమీటర్ల నట్టు 5/16 అంగుళం బోల్టుకి చూపులకి అతికినట్టే ఉంటుంది. ఒకటి రెండు చుట్లు మర్యాదగా ఎక్కి ఆ తర్వాత మొరాయిస్తుంది. నట్టు మరలో చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, బోల్టుది 1.41. పానా పొడవు పెంచి బలవంతం చేస్తే రెండు మరలూ ఒకేసారి పోతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపులకి వెళ్లేటప్పుడు నంబరు రాసుకెళ్లడం కాదు, బోల్టునే జేబులో వేసుకెళ్లాలి.

తుప్పు వదిలించడానికి నిమ్మ ఉప్పుని మించింది లేదు. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు, 20 లీటర్ల టబ్బుకి కిలో. కిరాణా కొట్లో పులిహోర పొట్లాలు ఇరవై కొంటే అనుమానంగా చూస్తారు, కెమికల్ షాపులో కిలో అడగండి. సామాను మునిగేలా వేసి రెండేసి గంటలకోసారి గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దుతూ ఉంటే నల్లటి మడ్డి దిగుతుంది. మామూలు తుప్పయితే ఒక రాత్రి చాలు, రెండో రోజుకి వదిలేస్తే మంచి ఇనుముని కూడా తినడం మొదలెడుతుంది. మెరుపు పూత ఉన్న హ్యాండిల్‌ని ఇందులో వేయొద్దు. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకుని నలిపి నీళ్లలో తడిపి రుద్దితే చాలు, రేకు ఆ పూత కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు.

నిమ్మ ఉప్పు మరీ సాత్వికమని కరెంటు పద్ధతికి వెళ్లేవాళ్లున్నారు. బట్టల సోడా నీళ్లు, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు, సామానుకి నెగటివ్, పక్కన వేలాడే పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్. పద్ధతి గొప్పదే. కాకపోతే ఇనుప ముక్క వెతకడానికి బద్ధకించి వంటింట్లోంచి స్టీలు గరిటె తెచ్చి కడతారు. స్టీల్లో క్రోమియం ఉంటుంది, అది నీళ్లలోకి విషంగా దిగుతుంది. గరిటె యజమానురాలికి ఈ రసాయన శాస్త్రం చెప్పినా శిక్ష తగ్గదు. ఈ పని గదిలో పెట్టకూడదు కూడా, పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్ వాయువు.

టబ్బులోంచి తీసిన ఇనుము పది నిమిషాల్లో మళ్లీ నారింజ రంగుకి తిరుగుతుంది. ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టి, వచ్చిన మెచ్చుకోళ్లకి నమస్కారాలు పెట్టే వ్యవధి ఇక్కడ లేదు. వంట సోడా నీళ్లతో కడిగి, తుడిచి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, అదే పూట ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, వేయాలి. గొట్టాల లోపల మిగిలిన నీటిని అటూ ఇటూ వంచి పూర్తిగా కార్చేయండి. లేదంటే నెల తర్వాత అతుకు సందుల్లోంచి అదే పులుపు నీరు ఊరి, కొత్త రంగు పొరలు పొరలుగా లేస్తుంది.

వెల్డింగుకి గేట్లు చేసే షాపుకి వెళితే ఆయన చేతికి అందిన 3.15 మిల్లీమీటర్ల రాడ్డు పెట్టి అంటిస్తాడు. మిల్లీమీటరు పైచిలుకు మందమున్న గొట్టానికి బెజ్జం పడుతుంది, బెజ్జం పూడ్చబోతే అది ఇంకా పెద్దదవుతుంది. రెండు లేదా రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డు, 50, 60 ఆంపియర్లు అని ముందే చెప్పండి. గ్యాస్ మీద ఇత్తడి అతుకు పెట్టేవాళ్లు దొరికితే ఇంకా మేలు. అతికే ముందు హ్యాండిల్ గొట్టం నుంచి రెండు వెనక చక్రాలకీ దారం పట్టి కొలవాలి. రెండు దారాలూ సమానంగా లేకపోతే ఆ బండి జీవితాంతం పక్కింటి వైపే వెళుతుంది.

రంగు దగ్గరికి వచ్చేసరికి గృహస్థుడిలో నిద్రపోతున్న కళాకారుడు లేస్తాడు. పాత రంగుని పొడిగా గీకి ఇల్లంతా దుమ్ము చేసేముందు ఒక సంగతి. ఇళ్లకీ అలంకరణకీ వాడే రంగుల్లో సీసం మిలియన్‌కి 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అటక మీది బండి అంతకుముందుది. కాబట్టి వాటర్ పేపరుతో తడిపి రుద్దడం, ముక్కుకి మాస్కు, పిల్లల్ని దూరంగా ఉంచడం. కొత్త రంగు డబ్బా మీద కూడా సీసం కలపలేదన్న మాట వెతకండి. ఆ నిబంధన కార్ల రంగులకి వర్తించదు, మన కళాకారుడి కన్ను సరిగ్గా వాటి మీదే పడుతుంది. పిల్లలు హ్యాండిల్‌ని పట్టుకోవడమే కాదు, కొరుకుతారు కూడా.

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు పల్చటి కోటింగులు, ఆరాక 400 నంబరు పేపరు, ఆపైన ఎనామెల్. స్ప్రే డబ్బాలైతే 400 మిల్లీలీటర్లవి ప్రైమర్‌కి ఒకటి, రంగుకి రెండు. లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఊపాలి, జానెడు దూరం నుంచి కొట్టాలి. దగ్గరగా కొడితే కారుతుంది. మే నెలలో విజయవాడ డాబా మీద మిట్ట మధ్యాహ్నం కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి గొట్టం మీద గరుకు కాగితంలా అంటుకుంటుంది. శ్రావణంలో కొడితే కార్లకి వేసే డ్యూకో రంగు తేమకి పాలిపోతుంది. అన్నిటికంటే ఘోరం, ఎనామెల్ మీద డ్యూకో కొట్టడం. అందులోని తిన్నర్ కింది పొరని ఉబ్బించి, చూస్తుండగానే ముడతలు తేలుస్తుంది. దానికి విరుగుడు మళ్లీ ఇనుము దాకా గీకడమే. అంటే ఇంకో నాలుగు ఆదివారాలు, పిల్లవాడి ఎత్తు ఇంకో అరంగుళం.

ఆటోనగర్‌లో రంగు పొడి చల్లి కాల్చే పౌడర్ కోటింగ్ చేయిస్తే గట్టిగా ఉంటుంది. 200 డిగ్రీల దాకా వేడిచేసే పొయ్యిలో పెడతారు కాబట్టి ప్లాస్టిక్, రబ్బరు ముందే తీసేయాలి. సొట్టల్లో లప్పం పూసి ఇస్తే పొయ్యిలో అది పొంగుతుంది. మరల మీద టేపు వేయకపోతే నట్టు ఎక్కదు. ఇవన్నీ అయ్యేసరికి చారాణా కోడికి బారాణా మసాలా అన్న మాట ఇంట్లో వినబడుతుంది. విననట్టు ఉండడం కూడా ఈ విద్యలో భాగమే.

ఊగే వెనక చక్రాలకి లేతు మీద నైలాన్ బుష్షులు, అంటే ఇరుసుకీ చక్రానికీ మధ్య తొడిగే చిన్న గొట్టాలు, చేయించి గ్రీజు పెడితే సరిపోతుంది. ఇరుసుకీ బుష్షుకీ మధ్య పావు మిల్లీమీటరు వదులుంచాలి. సరిపోవడం కళాకారుడికి నచ్చదు. 12 మిల్లీమీటర్ల ఇరుసు వేయించి, సీలింగ్ ఫ్యాన్లలో ఉండే 6201 బేరింగులు బిగిస్తాడు. అప్పుడు బండి చప్పుడు లేకుండా వెన్నలా జారుతుంది, ప్రమాదమూ అక్కడే ఉంది. దీనికి బ్రేకు లేదు, ఫ్రీవీలూ లేదు. చక్రం తిరిగినంత సేపూ పెడల్ తిరుగుతుంది. ఇన్నాళ్లూ బ్రేకుగా పనిచేసింది ఆ కీచుమనే పాత బుష్షే. అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీద ఈ బేరింగుల బండి వదిలితే పెడల్ వేగానికి చిన్న కాళ్లు అందుకోలేవు, కాళ్లు తీసేస్తే పెడలే వచ్చి పిక్క మీద కొడుతుంది. ర్యాంపుకి గేటైనా ఉండాలి, బండికి పాత బుష్షైనా ఉండాలి.

అలంకరణ విషయంలో పరిపాలనాపరమైన చిక్కులున్నాయి. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకి టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత బండిని కొత్తగా చేసినప్పుడు నంబరు ప్లేటు మీద ఏది రాయాలన్న దాని మీద ఉత్తర్వులేవీ లేవు. నిమ్మకాయ మిరపకాయలు ముందు ఫోర్కుకి కడితే చువ్వల్లోకి పోతాయి, హ్యాండిల్‌కే కట్టాలి. 2021 జనవరి 1 నుంచి షాపులో అమ్మే పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇంట్లో తయారైనదానికి అమ్మమ్మ ఆమోద ముద్ర ఒక్కటే, అది ఇంకా కష్టం.

ఈలోగా పిల్లవాడు పెరిగాడని సీటు గొట్టం పొడవు పెంచే ఆలోచన తప్పక వస్తుంది. సీటు లేచిన కొద్దీ బరువు పైకి పోతుంది, వెనక చక్రాల మధ్య దూరం మాత్రం పెరగదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకోగానే బండి బయటి వైపు ఒరుగుతుంది. రెండంగుళాలు పైకి లేపాలంటే వెనక ఇరుసు కూడా అటో అంగుళం, ఇటో అంగుళం పొడవుది వేయాలి. అంటే కొత్త ఇరుసు, మళ్లీ లేతు, మళ్లీ రంగు.

ఎక్కించేముందు బరువు పరీక్ష. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు చాలావరకు 20 కిలోల లోపే ఉంటారు. 25 కిలోల దాకా ఉన్న బియ్యం సంచులకి 2022 జులై నుంచి జీఎస్టీ పడడంతో మన బస్తా 26 కిలోలకి పెరిగింది. పన్నుల విధానం ట్రైసైకిల్ పరిశ్రమకి ఇంతగా తోడ్పడుతుందని ఎవరూ అనుకుని ఉండరు. బస్తాని సీటుకి తాడుతో కట్టి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి, గచ్చు మీద నెట్టండి. వెల్డింగు దగ్గర రంగు చిట్లిందేమో, వెనక పిన్నులు జరిగాయేమో చూడండి. బస్తా ఒరిగితే సీటు అంగుళం దించాలి. బస్తా పగిలితే ముందు తలుపు గడియ వేసి, తర్వాత చీపురు వెతకాలి.