లండన్ నుంచి పారిస్: కాకి లెక్కలు

లండన్‌కీ పారిస్‌కీ మధ్య దూరం 344 కిలోమీటర్లు, విమానంలో గంటా పావు. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా టకీమని ఇదే చెబుతారు. పెరట్లో సొంత విమానం కట్టేసుకున్న వాళ్లకు చాలా పనికొచ్చే సమాచారం.

344 అంటే కాకి తిన్నగా ఎగిరే దూరం. కాకికి పాస్‌పోర్టు అక్కర్లేదు, బెల్టు విప్పి ట్రేలో పెట్టమని దాన్నెవరూ అడగరు. పోనీ ఆ గంటా పావైనా నిజమా అంటే, గాలిలో ఉండేది ముప్పావు గంట, కాస్త అటూ ఇటూ. తక్కినదంతా నేల మీద పాకడమే. తిరుగు ప్రయాణంలో లండన్ ఎయిర్‌పోర్టు హీత్రూ దగ్గర ఖాళీ లేకపోతే లండన్ శివార్ల మీద ప్రదక్షిణలు. పుణ్యం ఉచితం.

లండన్ వాళ్ల సంగతి నయం. డబ్లిన్ నుంచి చవక టికెట్టు మీద పారిస్ బయల్దేరిన వాణ్ని బోవేలో దించే విమానాలున్నాయి. ఎయిర్‌పోర్టు పేరులో పారిస్ ఉంటుంది, పారిస్ మాత్రం 85 కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఈఫిల్ టవర్ కనిపిస్తుందేమోనని ఫోను పైకెత్తిన వాడికి బస్సు క్యూ కనిపిస్తుంది. బస్సుకి మళ్లీ టికెట్టు. అందులో గంటకు పైగా కూర్చుంటే తప్ప పారిస్ పొలిమేర రాదు. జనగామలో దించేసి హైదరాబాద్ వచ్చింది దిగండంటే మనవాళ్లు కండక్టర్‌ని బతకనిస్తారా? అక్కడ మాత్రం సూట్‌కేసు లాక్కుంటూ బుద్ధిగా క్యూలో నిలబడతారు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకున్న హాన్ ఎయిర్‌పోర్టు ఇంకా ఘనం, అది 120 కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇంతా చేస్తే లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో ఎక్కి పారిస్ నడిబొడ్డున దిగడానికి రైలుకు పట్టేది రెండు గంటల ఇరవై నిమిషాలు. సముద్రం కిందుగా 1994 నుంచీ నడుస్తూనే ఉంది. రైలుకైనా ముందే వెళ్లాలి, పాస్‌పోర్టు చూపించాలి, కాదనను. అయినా జనం విమానమే ఎందుకెక్కుతారు? చాలాసార్లు అదే చవక కాబట్టి.

ఎందుకు చవకో ఎవరూ చెప్పరు. సొరంగం దాటినందుకు రైలు టోలు కడుతుంది. కారువాడు పెట్రోలు మీద పన్ను కడతాడు. ఈ విమానం తాగే ఇంధనం మీద మాత్రం పన్ను సున్నా! 2023లో ఫ్రాన్స్ మహా ధైర్యం చేసి, రెండున్నర గంటల్లోపు రైలు ఉన్నచోట దేశంలోపలి విమానాలు ఆపింది. ఆగినవి పారిస్ ఎయిర్‌పోర్టు ఓర్లీ నుంచి నాంత్, లియోన్, బోర్డో నగరాలకు వెళ్లేవి, అంతే. లండన్ విమానం జోలికి పోలేదు. వాతావరణం పాడైపోతోందని సభల్లో కన్నీళ్లు పెట్టుకునేదీ ఈ ప్రభుత్వాల వాళ్లే, ఆ సభలకు విమానాల్లో దిగేదీ వీళ్లే. పన్నెందుకు వేయరయ్యా అంటే అంతర్జాతీయ ఒప్పందాలు అడ్డం అంటారు. సిగ్గుండాలి. అవేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? మీరే రాసుకున్నారు, మీరే సంతకాలు పెట్టారు. తిరగరాయండి.