వెయ్యి డీనియర్ బ్యాగ్ జన్మంతా వస్తుందా?

మంచి బ్యాక్‌ప్యాక్ ఏదని ఎవరు అడిగినా ఈ మధ్య ఒకటే మెసేజ్ జవాబుగా వచ్చి పడుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "1000 డీనియర్ నైలాన్ బ్యాగ్ ఒకటి కొనేయండి. డీనియర్ పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది. బరువున్న బ్యాగే మన్నుతుంది. బట్ట వాటర్‌ప్రూఫ్, వానకు భయం లేదు. మిలిటరీ మోడల్ అయితే ఇంకా మేలు. కొండెక్కడానికైనా ఆఫీసుకైనా అదే సరిపోతుంది. లైఫ్‌టైమ్ వారంటీ ఉంటుంది కాబట్టి జన్మలో మరో బ్యాగ్ అక్కర్లేదు."

ఇదంతా నమ్మి కొన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ బ్యాగ్ బట్ట ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎడమ భుజం పట్టీ మాత్రం రెండో ఏడాదే ఊడి చేతికొచ్చింది.

ముందు డీనియర్ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా మాటలన్నీ దాని భుజమెక్కే నడుస్తున్నాయి. డీనియర్ బలానికి కొలత కాదు, దారం బరువుకు కొలత. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డీనియర్ల దారం. పట్టు వ్యాపారంలో పుట్టిన లెక్క ఇది, పేరేమో ఒక పాత ఫ్రెంచి నాణేనిది. కాబట్టి 1000 డీనియర్ అని లేబుల్ మీద ఉంటే దారం లావుగా ఉందని తెలుస్తుంది, అంతే. దాన్ని దేనితో తీశారో, ఎంత గట్టిపరిచారో, ఎలా నేశారో ఆ అంకె చెప్పదు.

బలం తెలియాలంటే ఇంకో అంకె కావాలి, ఒక్కో డీనియర్‌కు దారం ఎన్ని గ్రాముల లాగుడు తట్టుకుంటుందన్నది. మామూలు పాలిస్టర్ దారం సుమారు 4 గ్రాములు తట్టుకుంటుందనుకోండి, హై టెనాసిటీ నైలాన్, అంటే ఎక్కువ లాగుడు తట్టుకునేలా గట్టిపరిచిన నైలాన్, 8 దాకా తట్టుకుంటుంది. లెక్క వేయండి: 1000 డీనియర్ మామూలు పాలిస్టర్ పోగు 4 కిలోల దగ్గర తెగుతుంది. 500 డీనియర్ హై టెనాసిటీ నైలాన్ పోగు కూడా 4 కిలోల దగ్గరే తెగుతుంది. బలం సమానం, దారం బరువు మాత్రం సగం. రాతికి రాసుకున్నప్పుడు లావు దారం అరిగిపోవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఆ మేరకు మెసేజ్‌లో నిజం ఉంది. కానీ ఒరిపిడికి పాలిస్టర్ కంటే నైలాన్ బాగా నిలబడుతుంది, ఎండకు మాత్రం నైలాన్ కంటే పాలిస్టర్ మెరుగు. 1680 డీనియర్ అని గొప్పగా రాసి ఉన్న బ్యాగ్ పాలిస్టర్‌ది కావచ్చు. అంకె కంటే ముందు దాని పక్కన ఏ బట్ట పేరుందో చూడాలి.

బ్యాగుల లేబుళ్ల మీద కనిపించే కార్డురా అన్న పేరుతోనూ ఇదే చిక్కు. అది ఒక బట్ట పేరు కాదు, బ్రాండ్ పేరు. దాని కింద సన్నవీ లావువీ చాలా రకాలున్నాయి. అలా కనిపించే మరో పేరు బాలిస్టిక్ నైలాన్. అది రెండో ప్రపంచ యుద్ధం నాటిది, విమాన సిబ్బంది వేసుకునే జాకెట్ల కోసం వచ్చింది. పేలుడు తునకల నుంచి కాపాడటం దాని పని, తూటాలను ఆపడం కాదు. ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌ను బస్సు సీటు నుంచి కాపాడుతోంది. మరోవైపు, ట్రెక్కింగ్ బ్యాగుల్లో చాలావాటికి వాడేది 210 డీనియర్ రిప్‌స్టాప్. బట్టలో అక్కడక్కడా లావు పోగులు గళ్లుగా నేస్తారు. ముల్లు గుచ్చుకుని చిన్న చిరుగు పడినా అది ఆ గడి దగ్గర ఆగిపోతుంది.

అసలు బ్యాగ్ చచ్చేది బట్ట దగ్గర కాదు. బట్ట నడిమధ్యలో చిరిగిన బ్యాగులు నేను చూసినవి చాలా తక్కువ. పట్టీ మొదట్లో ఊడినవి, జిప్పు పోయినవి, లోపలి పూత రాలినవి మాత్రం లెక్కలేనన్ని.

నా బ్యాగ్ పట్టీ ఊడినప్పుడు లోపలి వైపు తిప్పి చూశాను. పట్టీ చివర వెన్ను పలకకూ పై పలకకూ మధ్య కుట్టులో దూరి ఉండాలి. దూరింది ఒక సెంటీమీటరు కూడా లేదు. దాని మీద ఉన్నది ఒకే వరుస కుట్టు. బట్ట అంచుకు పైపింగ్, అంటే అంచును కప్పుతూ చుట్టి కుట్టే సన్నని గుడ్డ, లేదు, కోసిన అంచు కోసినట్టే వదిలేశారు. బరువు పడ్డప్పుడల్లా ఆ అంచు నుంచి పోగులు ఒక్కొక్కటే జారిపోయి, చివరికి కుట్టుకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. దారం తెగలేదు, బట్ట చిరగలేదు, పట్టీ మాత్రం ఊడింది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. అక్కడ 1000 కాదు, 2000 డీనియర్ బట్ట ఉన్నా జరిగేది అదే.

అందుకే నేనిప్పుడు బ్యాగ్ చేతికి రాగానే జిప్పు తీసి లోపల చెయ్యి పెడతాను. పట్టీల మొదట్లో, పై హ్యాండిల్ దగ్గర, పట్టీల కింది చివరలు కుట్టే త్రికోణం ముక్కల దగ్గర బార్‌టాక్ ఉందా అని తడుముతాను. బార్‌టాక్ అంటే ఒకేచోట దగ్గరదగ్గరగా అటూ ఇటూ వేసిన దిట్టమైన చిన్న కుట్టు, జీన్స్ జేబు మూలల్లో ఉంటుందే, అది. లోపలి అంచులన్నిటికీ పైపింగ్ కుట్టారా అని చూస్తాను. కుట్లు మరీ ఒత్తుగా ఉన్నా మంచిది కాదు. సూది రంధ్రాలు వరుసగా పడి, స్టాంపులు చింపే గీతలా అక్కడే చిరగడం మొదలవుతుంది.

ఇక జిప్పు. మెసేజ్‌లో దీని ఊసే లేకపోవడం నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది. జిప్పుకు నంబర్లుంటాయి: 5, 8, 10 అని. మూసినప్పుడు పళ్ల వెడల్పు సుమారు అన్ని మిల్లీమీటర్లు. పెద్ద అరకు 8 లేదా 10, చిన్న జేబులకు 5 ఉంటే బాగుంటుంది. పళ్ల కంటే ముందు అరిగేది రన్నర్, అంటే మనం అటూ ఇటూ లాగే ముక్క. దుమ్ము, ఇసుక చేరి రన్నర్ నోరు లోపల అరిగి వెడల్పవుతుంది. అప్పుడు జిప్పు మూసినా వెనకాల తెరుచుకుంటూ వస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ రెండు పక్కలా వెనక భాగాన్ని చాలా మెల్లగా నొక్కితే కొన్నాళ్లు పనిచేస్తుంది. గట్టిగా నొక్కితే విరుగుతుంది, ఇది స్వానుభవం. జిప్పు మొత్తం మార్చక్కర్లేదు, చాలాసార్లు రన్నర్ ఒక్కటి మారిస్తే చాలు. దీనికి ముందు చేయాల్సింది ఒకటే, బ్యాగ్‌ను పగిలేలా కుక్కకుండా ఉండటం. మూల దగ్గర గిరుక్కున తిరిగే జిప్పు, అందులోనూ నిండు బ్యాగ్ మీద లాగితే త్వరగా పోతుంది.

"బట్ట వాటర్‌ప్రూఫ్, వానకు భయం లేదు" అన్నది సగం నిజం, మిగతా సగంలో ల్యాప్‌టాప్ తడుస్తుంది. నీళ్లను ఆపేది బట్ట కాదు, దాని లోపలి పాలీయురేథేన్ పూత. ఆ పూత గుండా ప్రతి కుట్టులోనూ సూది వందల రంధ్రాలు చేస్తుంది. కుట్ల మీద టేప్ వేయకపోతే నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. మెరిసే పూతతో వచ్చే జిప్పులు చిరుజల్లును ఆపుతాయి, గంటసేపు కురిసే వానను ఆపలేవు. రెయిన్ కవర్ కూడా వీపు వైపు కప్పదు, పట్టీల వెంట నీళ్లు లోపలికి జారతాయి. నిజంగా తడవకూడనివి ఉంటే బ్యాగ్ లోపల ఒక దళసరి ప్లాస్టిక్ సంచి పెట్టి, మూతి మెలితిప్పి మడవండి. ఏ పూతకంటే కూడా అదే నమ్మకం.

పైగా ఆ పూతకూ ఆయుష్షుంది. వేడి, తేమ కలిస్తే అది రసాయనికంగా విడిపోతుంది, దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. అటక మీద మూడేళ్లు పడుకున్న బ్యాగ్ తీస్తే లోపల జిగురుజిగురుగా, పొలుసులు పొలుసులుగా రాలడం చాలామందికి అనుభవమే. వాడకుండా దాచిన బ్యాగే ముందు పాడవడం దీనివల్లే. వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది.

మిలిటరీ మోడల్ మీద ఎక్కువ మాటలు ఖర్చు పెట్టను. బ్యాగ్ బయటంతా వరుసలుగా పట్టీలు కుట్టి ఉండటం అదనపు సంచులు తగిలించుకోవడానికి ఏర్పాటు, బలానికి గుర్తు కాదు. తగిలించడానికి ఏమీ లేనివాళ్లకు అవి ఖాళీగా మోసే బరువు. "మిలిటరీ గ్రేడ్" అని రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బరువుంటేనే మన్నిక అన్న మాటకు జవాబు పైన లెక్కలోనే ఉంది. కానీ దాని వెనకే వచ్చే "కొండకీ ఆఫీసుకీ ఒకటే" అన్నది మాత్రం వీపుకు సంబంధించిన విషయం. నడకలో పది కిలోలు మోయాలంటే బరువులో ఎక్కువ భాగం భుజాల మీద నుంచి తుంటి మీదకు దిగాలి. దానికి లోపల ఫ్రేమ్, దిట్టమైన నడుము బెల్టు, మీ వీపుకు సరిపడే పొడవు కావాలి. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల పై అంచుల దాకా టేప్ పెట్టి కొలిస్తే వచ్చేది మీ సైజు. మనిషి ఎత్తుకూ దీనికీ సంబంధం తక్కువ. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండొచ్చు. ఆఫీసు బ్యాగ్‌లో ఇవన్నీ బస్సెక్కేటప్పుడు పక్కవాళ్లకు తగిలే అడ్డాలు. రోజూ నాలుగు కిలోలు, ఎప్పుడైనా ఒక్కపూట నడక అయితే 25 లీటర్ల మామూలు బ్యాగ్ ఒకటే చాలు, అక్కడ మెసేజ్‌తో నాకు పేచీ లేదు. రెండు రాత్రులు బయట పడుకునే ట్రెక్ అయితే ఒకటి చాలదు.

చివరగా లైఫ్‌టైమ్ వారంటీ. ఆ లైఫ్‌టైమ్ చాలాచోట్ల మీది కాదు, బ్యాగ్‌ది. తయారీ లోపాలకే వర్తిస్తుంది, అరుగుదలకు వర్తించదు, ఏది అరుగుదలో తేల్చేది వాళ్లే. నా పట్టీ ఫోటోలు పంపితే "సహజమైన అరుగుదల" అని ఒక్క లైను జవాబొచ్చింది. బ్యాగులు కుట్టే మిషన్ ఉన్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. లోపలి నుంచి ఒక నైలాన్ ముక్క అతికి, అడ్డంగా రెండు బార్‌టాక్‌లు వేసి పావుగంటలో చేతికిచ్చాడు. ఆ పట్టీ ఇప్పటిదాకా కదల్లేదు. కుడి పట్టీ కూడా అప్పుడే చేయించి ఉండాల్సింది, పోయిన నెల అదీ ఊడింది.