ముహూర్తం మించిపోతోంది, సంతకం పెట్టండి

మనుషుల్ని అంతరిక్షానికి పంపే పనిలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇంజినీర్లే. ఈ మాట బాగా ఆలోచించే రాస్తున్నాను. ముహూర్తం పెట్టేశాక, విలేకరులు దిగాక, బడిపిల్లలు టీవీల ముందు కూర్చున్నాక "చలి ఎక్కువగా ఉందండీ" అంటారు. తాళి కట్టే వేళకు జాతకాలు మళ్లీ చూద్దామనే మేనమామలు వీళ్లు.

1986 జనవరి 27నే తీసుకోండి. ఫ్లోరిడాలో నాసా వ్యోమనౌక, స్పేస్ షటిల్ ఛాలెంజర్, అప్పటికే చాలాసార్లు వాయిదా పడింది. ఆ ఉదయం తలుపు పిడి దగ్గర ఒక బోల్టు ఊడిరానంది. డ్రిల్లు తెస్తే అందులో చార్జింగ్ లేదు. చివరికి రంపంతో కోశారు. ఆలోపు గాలి లేచింది, మళ్లీ వాయిదా. (ఈ ఒక్క విషయంలో నాసాకూ మా వీధి కార్పెంటర్‌కూ తేడా లేదు.)

రాత్రికి ఫోన్లో సమావేశం. షటిల్‌ను పైకి నెట్టే రాకెట్లు, అంటే బూస్టర్లు, చేసిన యూటా కంపెనీ మోర్టన్ థియోకోల్ ఇంజినీర్లు 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 12 సెల్సియస్ లేకపోతే ఎగరొద్దన్నారు. బూస్టరు అతుకుల్లోంచి మంట బయటికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుపోతాయట. నాసా తరఫున లారెన్స్ ముల్లాయ్‌కి ఒళ్లు మండింది: "మరి ఎప్పుడు ఎగరమంటారు, వచ్చే ఏప్రిల్‌లోనా?" ఎంత న్యాయమైన ప్రశ్న! ఏప్రిల్‌లో ఎండ కాస్తుందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

కంపెనీ పెద్దలు పక్కకెళ్లి మాట్లాడుకున్నారు. ఇంజినీరింగ్ చూసే బాబ్ లండ్ తటపటాయిస్తుంటే పైఅధికారి, "ఇంజినీరు టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో" అన్నాడు. టోపీ పెట్టడమంటే మన దగ్గర ఏమిటో యూటాలో తెలిసి ఉండదు కానీ, జరిగింది సరిగ్గా అదే. కంపెనీ తరఫున ఫ్లోరిడాలో ఉన్న అలన్ మెక్‌డొనాల్డ్ ఎగరొచ్చని సంతకం పెట్టనన్నాడు. పర్లేదు, పెట్టేవాళ్లు దొరికారు. అంతకుముందు దాకా ఎగరడం క్షేమమని చూపించాలి. ఆ రాత్రి నుంచి ఎగిరితే ప్రమాదమని రుజువు చెయ్యాలి. మర్నాడు, ఎగిరిన 73 సెకన్లకు రుజువైంది. ఏడుగురు పోయారు.

నాసా పాఠం నేర్చుకుంది. ఎంతగా అంటే, 2004 ఫిబ్రవరి 19కి ఇంకా ఎన్ని రోజులో, ఎన్ని సెకన్లో లెక్కపెట్టే స్క్రీన్‌సేవర్ మేనేజర్లకు పంపింది. ఆ తేదీకి అంతరిక్ష కేంద్రానికి ఒక భాగం చేర్చాలి మరి. ఆ టెన్షన్‌లో ఉండగానే ఇంకో షటిల్ కొలంబియా రెక్కకు, ఇంధన ట్యాంకు మీంచి ఊడిన గట్టి నురుగు ముక్క తగిలింది. ఫొటోలు తీయించండని ఇంజినీర్లు అడిగితే అక్కర్లేదన్నారు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా, మరో ఆరుగురు ఇంటికి రాలేదు. స్క్రీన్‌సేవర్ తప్పేం లేదు, అది సెకను కూడా తప్పలేదు.

మన శ్రీహరికోటకు ఈ చురుకుదనం ఇంకా అబ్బలేదు. గగన్‌యాన్ 2022కల్లా అని 2018లో చెప్పారు. ఆ ఏడాది దాటిపోయింది. 2023 అక్టోబర్ 21న మనిషే లేని పరీక్ష రాకెట్‌ను సైతం, ఇంకో 5 సెకన్లుండగా, కంప్యూటర్ ఆపేసింది. లోపం వెతికి, సరిచేసి, పదింటికి వదిలారు. ఎవరైనా పెద్దమనిషి ఆ కంప్యూటర్‌ను పక్కకు పిలిచి మాట్లాడాల్సింది. కానీ టోపీ పెడదామంటే దానికి తల లేదు.